ప్రహ్లాదుని చదువు

హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు రహదారిలో జనగామ దాటిన పిమ్మట రఘునాథపల్లి వచ్చును. కాజీపేటకు పోవు రైలుమార్గమును ఈ ఊరిమీదుగనే సాగును. ఊరి పేరులోనే శ్రీరామచంద్రుడున్నాడు. 2016వ సంవత్సరమున ఏర్పడిన జనగామ జిల్లాలో ఇది యొక మండల కేంద్రము. ఇదే జిల్లాలో, పాలకుర్తి మండలమున, బమ్మెర గ్రామము కలదు. శ్రీమదాంధ్ర మహాభాగవతమును రచించిన పోతనామాత్యుడు నడయాడిన నేల అదియేయని ఇచ్చటివారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఒంటిమిట్టవారికిని ఆ మహాకవిపై మమకారము కలదు. ఆ వివాదములోనికి ఇప్పుడు పోనక్కరలేదు. రెండు ఊళ్లవారును తమవాడని చెప్పుకొనుట ఆయనకు లోపము కాదు గదా.

భాగవతమునందలి సప్తమ స్కంధములోని ప్రహ్లాద చరిత్రమును వినని వైష్ణవ గృహముండదు. భక్తికథగా దానిని అందరును ఎరుగుదురు. అది చదువును గూర్చిన కథయని తలచువారు మాత్రము తక్కువ. కథయంతయు తండ్రి ఒడిలోను, గురువుల బడిలోను, మునుల ఆశ్రమములోను నడచును. స్తంభము పగులుట చివరి ఘట్టము. దానికి ముందు జరిగినదంతయు ఒక్క ప్రశ్నచుట్టును తిరుగును. ఐదేండ్ల బాలునికి చదువు చెప్పునది ఎవరు? తండ్రియా, తల్లియా, అయ్యవారా, తోడిపిల్లలా, లేక వారందరును గూడియా?

హిరణ్యకశిపుడు తండ్రిగా చదువును ఉపేక్షించినవాడు కాడు. ఈ మాట విన్నవారికి వింతగా తోచవచ్చును. కాని కథను నెమ్మదిగా చదివి చూడుడు. కుమారునికి చదువు రావలెనని అతడు శుక్రాచార్యుని పుత్రులగు చండామార్కులను నియమించెను. కొంతకాలమైన పిదప బాలుని పిలిపించి, తొడపై కూర్చుండబెట్టుకొని, నీవు నేర్చినదానిలో నీకు మేలైనదేదో చెప్పుమని అడిగెను. ఇంతకన్న మంచి తండ్రి ఏమి చేయును? నేడు ఎన్ని ఇండ్లలో తండ్రి సాయంకాలము బిడ్డను చేరదీసి ఈ ప్రశ్న అడుగుచున్నాడు? మార్కులెన్ని వచ్చినవని అడుగుట వేరు, నీకు మేలుగా తోచినదేమని అడుగుట వేరు. ఆ రాక్షసరాజు రెండవ ప్రశ్ననే అడిగెను.

ప్రశ్న మంచిదే. జవాబును వినుటకు ఓపిక లేకపోయెను. అదియే అతని దోషము. మొదటిసారి బాలుడు సంసారమను చీకటినూతిని విడిచి హరిని ఆశ్రయించుట మేలని చెప్పగా, పసివాని మాటయని నవ్వి, ఎవరో చాటున నేర్పినారని అనుమానించి, వానిని భద్రముగా కాపాడుడని గురువులకు చెప్పి పంపెను. రెండవసారి తల్లి స్నానము చేయించి అలంకరించి పంపిన కుమారుని తండ్రి అక్కున చేర్చుకొని, ఆనందబాష్పములతో మరల అడిగెను. శ్రవణము మొదలుకొని ఆత్మనివేదనము వరకు గల తొమ్మిది భక్తిమార్గములను బాలుడు చెప్పెను. అప్పుడు తండ్రి కోపము బాలునికంటె ముందుగా అయ్యవారిపై పడెను. మాకు తెలియని పాఠమును మావానికి నీవెట్లు చెప్పితివని గర్జించెను. బడిలో పిల్లవాడు తమకు నచ్చని మాట నేర్చివచ్చినచో అయ్యవారిపైకి పోవుట అనాదిగా నున్నదేయని ఇందువలన తెలియుచున్నది.

చండామార్కులను గూర్చియు ఒక మాట చెప్పవలెను. వారిని హాస్యపాత్రలుగా చూపుట హరికథలలో పరిపాటి. వారు తెలివి లేనివారు కారు. ధర్మార్థకామములను, సామదానభేదదండములను బాగుగనే నేర్పిరి. బాలుడును వానిని శ్రద్ధగనే విని అప్పగించెను. వారి లోపము విద్యలో కాదు, భయములో నున్నది. రాజు కోపించినంతనే, ఇది మేము నేర్పినది కాదు, ఇతరులు నేర్పినదియు కాదు, పుట్టుకతో వచ్చినదని చెప్పి తప్పుకొనిరి. రాజుగారి ఉప్పు తిని రాజుగారి బిడ్డకు చదువు చెప్పువారికి ఈ చిక్కు ఎప్పుడును ఉండును. అయినను శిష్యునికి ఆపద వచ్చినప్పుడు అయ్యవారు ప్రక్కకు తొలగుట చూచినచో మనస్సు చివుక్కుమనును.

ఇంత జరిగిన పిదప అసలైన బడి ఎక్కడ జరిగినది? గురువులు తమ గృహకృత్యములకై వెళ్లినప్పుడు తోడిపిల్లలు ప్రహ్లాదుని ఆటకు పిలిచిరి. ఆతడు వారిని చుట్టును కూర్చుండబెట్టుకొని తనకు తెలిసినది చెప్పెను. వారు విని అడిగిన ప్రశ్నయే ఈ చరిత్రమునకు ప్రాణము. నీకును మాకును గురువులు వీరే గదా, వీరిని తప్ప వేరొకరిని మనమెరుగము, మరి నీకిది ఎచ్చట లభించినది అని వారు అడిగిరి. ఒకే బడి, ఒకే అయ్యవారు, ఒకే పాఠము. అయినను ఒకనికి వేరొక చదువు ఎట్లు వచ్చినది? ఈనాటి ఉపాధ్యాయులును ప్రతి తరగతిలోను ఈ ప్రశ్ననే ఎదుర్కొనుచున్నారు.

ప్రహ్లాదుని సమాధానము తల్లి కథ. తండ్రి తపస్సునకై మందరగిరికి పోయిన కాలమున దేవతలు అసురులపై దండెత్తిరి. ఇంద్రుడు గర్భవతియగు రాణిని, పోతన లీలావతియని పిలిచిన ఆ సాధ్విని, బలాత్కారముగా కొనిపోవుచుండెను. దారిలో నారదుడు అడ్డుపడెను. ఈమె కడుపులోనున్నది శత్రుబీజము, పుట్టగానే చంపి ఈమెను విడిచెదనని ఇంద్రుడనెను. ఆ బిడ్డ మహాభక్తుడగునని నారదుడు చెప్పి ఆమెను విడిపించెను. పిదప తన ఆశ్రమమునకు కొనిపోయి, భర్త మరలివచ్చువరకు నిర్భయముగా నుండుమని చెప్పెను. ఆమె మునికి పరిచర్య చేయుచు అచ్చటనే యుండెను. ఆ దినములలో నారదుడు ఆమెకు ధర్మమును, జ్ఞానమును ఉపదేశించుచు, గర్భస్థశిశువును గూడ మనస్సున నుంచుకొని పలికెను.

గమనింపవలసిన దేమనగా, ఒకే గర్భమును చూచి ఇద్దరు రెండు మాటలు చెప్పిరి. ఒకరు ఫలానావాని కొడుకనిరి. మరియొకరు వాడెవడు కాగలడో చెప్పిరి. లోకమునందు ప్రతి బిడ్డను గూర్చియు ఈ రెండు మాటలు పలుకబడుచునే యున్నవి. తాగుబోతు కొడుకు, జీతగాని కొడుకు, అప్పులవాని కొడుకు అని ఊరు పేరు పెట్టినచో ఆ బిడ్డ సగము చదువు అక్కడనే ముగిసినట్లే. ప్రహ్లాదుని చదువు ఓనమాలతో మొదలు కాలేదు. శత్రువు భార్యకు ఒక ముని నీడ నిచ్చినప్పుడే మొదలైనది. కాలము గడచినందున తల్లి ఆ ఉపదేశమును మరచెనని, బిడ్డ మాత్రము మరువలేదని భాగవతము చెప్పుచున్నది. ఈ మాట అక్షరములు రాని తల్లులకు ఎంతయో ఊరట నిచ్చును. ఆమెకు పాఠము గుర్తుండకపోవచ్చును. ఆమె ఎవరి నీడన నిలిచినది, ఏ మాటలు విన్నది, అది బిడ్డలో నిలిచిపోవును.

ఇక పోతనగారికి చదువు చెప్పినవారెవరు? ఆయన సహజపండితుడని ప్రసిద్ధి. ఒక పెద్ద పాఠశాలలో ఫలానా గురువువద్ద చదివెనని చెప్పుకొనలేదు. కాని తన గ్రంథపు పీఠికలో తల్లి లక్కమాంబను, తండ్రి కేసనను, అన్న తిప్పనను ఆదరముతో పేర్కొనెను. శివభక్తుల ఇంట పుట్టి, గ్రహణస్నానమునకై గంగకు పోయి, శివుని ధ్యానించుచుండగా శ్రీరామచంద్రుడు కనబడి భాగవతమును తెనిగింపుమని ఆజ్ఞాపించెనని ఆయనయే చెప్పుకొనెను. ఇంటివారి భక్తిని వీడకయే వేరొక ఆజ్ఞను శిరసావహించిన కుమారుడాయన. అందువలననే కాబోలు, తండ్రికి ఎదురుచెప్పిన ప్రహ్లాదుని నోట ఎక్కడను పరుషవాక్యము పలికింపలేదు. గ్రంథములో కొన్ని భాగములు శిథిలము కాగా గంగన, సింగన, వెలిగందల నారయ పూరించిరి. వీరిలో నారయ పోతనగారి శిష్యుడని ప్రతీతి. ఒకని చేతిలో ఆగిన పుస్తకమును పలువురు కలసి ముగించుటయు ఒక పాఠశాలయే.

ఆ భాగవతము తెలుగునాట ఏ బడిలో బోధింపబడినది? అక్షరము రాని ఇండ్లలో గజేంద్రమోక్షము నోటికి వచ్చినవారు ఉండిరి. విసురురాయి దగ్గర, దంపుడు రోటి దగ్గర, దేవాలయపు అరుగుమీద అది వినబడినది. ఒకరు చదువగా పదిమంది వినిరి. విన్నవారు ఇంటికి పోయి పిల్లలకు చెప్పిరి. పురాణ పఠనము ముగిసిన పిదప అర్థము అడుగు ముసలివారు, నిద్రపోవుచు వినెడి పసివారు, ఇరువురును శిష్యులే.

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. సంస్కృత పాఠశాలల తలుపులు కొందరికే తెరువబడినవి. ఆడపిల్లలకును, ఊరి వెలుపల నివసించినవారికిని అవి మూసియే యుండెను. శాస్త్రపరిరక్షణము పేరిట జరిగిన ఈ పని వలన శాస్త్రమునకే నష్టము కలిగినది. ఎందరు ప్రహ్లాదులు ఆ అరుగుల క్రిందనే నిలిచిపోయిరో లెక్కించువారు లేరు. అయినను వారు కథకు దూరము కాలేదు. బడి ఇవ్వని చదువును వారి కుటుంబములే ఇచ్చుకొన్నవి. మాదిగ కులమువారిని ఆశ్రయించి జీవించు చిందు కళాకారులు పురాణకథలను యక్షగానములుగా వీధులలో ఆడి తరతరములు నిలిపిరి. ఈ జనగామ జిల్లాలోనే దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యగారు చిందు యక్షగానమునకుగాను 2024లో పద్మశ్రీ పురస్కారమును పొందిరి. లింగాల ఘనపురం మండలము మాణిక్యపురమున పుట్టిన చుక్క సత్తయ్యగారు ఒగ్గుకథకు సంగీత నాటక అకాడమీ గౌరవము తెచ్చి 2017లో పరమపదించిరి. ఈ కళలలో పుస్తకము లేదు, హాజరుపట్టీ లేదు. పసివాడు తండ్రి వెంట తాళము పట్టుకొని నిలుచును, మేనమామ వేషము కట్టుచుండగా అద్దము పట్టును. కొన్నేండ్లకు ఒకరాత్రి ఎవరో రాకపోగా ఆ వేషము వానికి వచ్చును. అదియే పరీక్ష. ఊరంతయు కూర్చుండి చూచును గనుక పరీక్షాధికారులకు కొదువ లేదు.

నిజాము పాలనలో తెలుగు బడి పరిస్థితి పాఠకులలో పెద్దవారు ఎరుగుదురు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. సర్కారీ బడులలోను దానికే పెద్దపీట. ఇంట మాటాడు భాష ఒకటి, బడి భాష మరొకటి. తండ్రి కుమారుని చదువును వినవలెనన్నను వినలేని స్థితి. అప్పుడు గ్రామములవారు తామే అయ్యవారిని పిలిపించుకొని ఖాన్గీ బడులు పెట్టుకొనిరి. వానికిని ప్రభుత్వపు అనుమతి కావలసివచ్చెను. ఇసుకలో అక్షరములు దిద్దుట, ఎక్కములు అప్పగించుట, శతకపద్యములు కంఠస్థము చేయుట, ఇదియే ఆ బడి. అయ్యవారికి జీతము నెలనెల ఇచ్చువారు కొందరే. గింజలు కొందరు, కూరగాయలు కొందరు, పండుగకు పంచెలచాపు కొందరు ఇచ్చెడివారు. దసరా దినములలో పిల్లలు విల్లంబులు పట్టుకొని అయ్యవారి వెంట ఇంటింటికి పోయి పద్యములు పాడెడివారు. గృహస్థులు అయ్యవారికి కట్నము, పిల్లలకు పప్పుబెల్లములు ఇచ్చెడివారు. దీనిని యాచనయని నేటివారు అనుకొనవచ్చును. నిజమునకు అది ఊరు ఏటేట చేసెడి తనిఖీ. ప్రతి గడపయందును పిల్లవాడు నోరు విప్పి పద్యము చదువవలెను. ఎవడు చదివెనో ఎవడు తడబడెనో ఊరంతటికిని తెలియును.

పెద్దలకు చదువు చెప్పు బాధ్యతను గ్రంథాలయములు వహించినవి. హైదరాబాదులో 1901న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము, హనుమకొండలో 1904న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసినవి. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదున తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగినది. ఇవి యన్నియు ప్రభువు ఇచ్చినవి కావు, సంఘము తన బిడ్డలకై తాను కట్టుకొన్న ఇండ్లు.

పాశ్చాత్యులును ఈ విషయమును ఆలోచింపకపోలేదు. స్విట్జర్లాండు దేశపు పెస్టలోజీ 1781లో ఒక కథ రచించెను. అందులో గెర్ట్రూడ్ అను పేదతల్లి నూలు వడకించుచునే పిల్లలకు లెక్కలు నేర్పును. పిదప ఊరి బడికి ఆమె ఇల్లే నమూనా యగును. జర్మనీ దేశమున పాల్ నాటార్ప్ అను తత్త్వవేత్త 1899లో సామాజిక విద్యాశాస్త్రమను పేరుతోనే గ్రంథము వెలువరించి, మనుష్యుడు మనుష్యుల కూటమియందే మనుష్యుడగునని వాదించెను. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునికి ఆచార్యుడు తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవములుగా చూడుమని చెప్పు క్రమము మనవారికి క్రొత్తది కాదు. ఇల్లు ముందు, బడి తరువాత, పిదప ఎరుగని లోకము. అతిథి యనగా లోకమే గదా.

శ్రీవైష్ణవ సంప్రదాయమునందు ఈ భావము ఆచరణములోనికి వచ్చినది. భగవద్రామానుజులకు ఒక ఆచార్యుడు చాలలేదు. పెరియ నంబి, తిరుక్కోష్టియూర్ నంబి, తిరుమాలై ఆండాన్, తిరువరంగప్పెరుమాళ్ అరయర్, తిరుమల నంబి, ఈ ఐదుగురును తలకొక విషయము చెప్పిరి. ఐదవవారగు తిరుమల నంబి రామానుజులకు స్వయముగా మేనమామ. తిరుపతి కొండపాదమున ఒక సంవత్సరము శ్రీమద్రామాయణమును ఉపదేశించిరని పెద్దలు చెప్పుదురు. కొండపైకి వచ్చుచున్న మేనల్లునికి ఎదురుగా తామే ప్రసాదము తీసికొని రాగా, మీరే రావలెనా, ఎవరినైన చిన్నవారిని పంపరాదా యని రామానుజులు అడిగిరట. వీధులన్నియు వెదకితిని, నాకన్న చిన్నవాడు కనబడలేదని నంబి బదులిచ్చిరట. సంవత్సరకాలపు రామాయణ పాఠములో నేర్చినదానికి ఇది తీసిపోదు. మేనమామ పాఠము కూర్చుండి చెప్పినది కొంత, నడచి చూపినది కొంత.

ఆండాళ్ తల్లి తిరుప్పావైలోను ఇదియే వరుస. ముప్పది పాశురములలో ఆరవదానినుండి పదునైదవదాని వరకు పదిమంది చెలులను ఒక్కొక్క వాకిట నిలిచి మేలుకొలుపుటయే. స్వామి సన్నిధికి ఒంటరిగా పోవుట ఆమెకు తెలియక కాదు. నిద్రమత్తులోనున్నవారిని, అలిగినవారిని, మాట ఇచ్చి మరచినవారిని విడిచిపోవుటకు మనసొప్పలేదు. ధనుర్మాసమున రామాలయములకు వేకువనే పిల్లలు వత్తురు. వేడి పొంగలికై వచ్చిరని పెద్దలు పరిహసింతురు. వచ్చుట ముఖ్యము. ముప్పది దినములు విన్నవానికి ముప్పది పాశురములు తెలియకయే నోటికి వచ్చును.

నేటి చట్టమును ఊరిని మరువలేదు. 2009లో వెలువడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, బడి నిర్వహణ సంఘమున నాలుగింట మూడువంతులు పిల్లల తలిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు విధించినది. తెలంగాణమున 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల సంఘములు ఏర్పడి మహిళా సంఘములవారికి ఆ బాధ్యత వచ్చినది. 2011 జనాభా లెక్కలలో ఈ ప్రాంతపు పురుషులలో నూటికి సుమారు 75 మంది, స్త్రీలలో సుమారు 58 మంది మాత్రమే అక్షరాస్యులు. కనుక సంఘమున కూర్చుండు తల్లులలో కొందరు సంతకముతో ఆగిపోవువారు ఉండక తప్పదు. అంతమాత్రమున వారి మాట తక్కువ కాదు. మధ్యాహ్నపు అన్నములో పప్పు పలుచనైనదా, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉన్నదా, అయ్యవారు వేళకు వచ్చుచున్నారా యని చూచుటకు వ్యాకరణముతో పనిలేదు. చిక్కు వేరొకచోట నున్నది. కాగితముపై పేరు వ్రాసికొని సమావేశమునకు పోనివారు, పోయినను నోరు విప్పనివారు ఎక్కువ. రుసుము కట్టిన చోట ప్రశ్న అడుగుదురు గాని ఊరి బడిలో అడుగుటకు సంకోచింతురు. తమది కానిదానివలె దానిని చూతురు.

ఇంటిలోని మార్పును చెప్పనక్కరలేదు. అవ్వ యొక గదిలో, బిడ్డ యొక గదిలో, ఇద్దరి చేతిలోను ఫోను. కథ చెప్పుటకు అవ్వయు, వినుటకు మనుమడును ఉన్నారు, మధ్యలో వేళ లేదు. ఫోనును నిందించి లాభము లేదు. దానిలోను భాగవత ప్రవచనములు వచ్చుచున్నవి. కాని ప్రవచనము వినుచున్న బిడ్డ నడుమ ఆపి, ఏనుగు ఎందుకు ఏడ్చినది అని అడిగినచో ఆ పెట్టె చెప్పలేదు. ఆ ప్రశ్నకు ఒడి కావలెను.

దశమ స్కంధములోని కుచేలోపాఖ్యానమును అటుకుల కథగా చెప్పుకొనుట వాడుక. కుచేలుడు ద్వారక చేరినప్పుడు శ్రీకృష్ణుడు ఎదురేగి కౌగిలించి, పాదములు కడిగి, పక్కన కూర్చుండబెట్టుకొని మొదట మాటాడినది అటుకులను గూర్చి కాదు, పేదరికమును గూర్చియు కాదు. సాందీపని గురుకులములోని ఒక రాత్రిని గూర్చి మాటాడెను. గురుపత్ని కట్టెలకై పంపగా ఇద్దరును అడవికి పోయిరి. గాలివాన పట్టుకొన్నది. పల్లమేదో మెరకయేదో తెలియక, చేయి చేయి పట్టుకొని, చీకటిలో తిరిగిరి. తెల్లవారగానే సాందీపని స్వయముగా వెదకుచు వచ్చి, మా కొరకు ఇంత కష్టపడితిరా యని కన్నీరు పెట్టుకొని దీవించెను. రాజకుమారుడును, పేద బ్రాహ్మణ బాలుడును ఒకే వానలో తడిసిరి. 1971లో నల్లగొండ సీమలోని సర్వేలులో పి.వి. నరసింహారావుగారి చొరవతో ఆశ్రమ పాఠశాల నెలకొల్పబడినప్పుడు, పేదయింటి తెలివిగల పిల్లలకు ఇట్టి సహవాసము కలుగవలెననియే ఉద్దేశము. ఏండ్లు గడచి, ఒకడు ద్వారకాధీశుడై, మరియొకడు చినిగిన వస్త్రముతో వచ్చినప్పుడు, ఆ రాత్రిని మొదట జ్ఞప్తికి తెచ్చుకొన్నవాడు రాజే. అటుకుల మూట విప్పుట ఆ తరువాతనే.